నడక కూడా హక్కే

కడుపులో ఉండగానో, కాన్పప్పుడో మెదడు దెబ్బతింటే బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ రావచ్చు. చాలామందికి కండరాలు బిగుసుకుంటాయి, పట్టించుకోకపోతే కీళ్ళు వంకర్లు పోతాయి. ఫిజియోథెరపీ దీన్ని పూర్తిగా నయం చేయదు. మెడ నిలపడం, కూర్చోవడం, వీలైతే నడవడం నేర్పుతుంది. అయితే త్వరగా మొదలుపెట్టాలి, రోజూ చేయించాలి. 9 నెలలకు కూర్చోని, 18 నెలలకు నడవని బిడ్డను వెంటనే చూపించాలి.

ఎవరు చూపించాలి? తల్లే. తుమ్మలపెంట నుంచి కావలి మీదుగా నెల్లూరు వెళ్ళాలంటే ఆ రోజు కూలి పోతుంది, పైగా ఛార్జీలు. నాలుగుసార్లు తిరిగి మానేస్తే 'తల్లి నిర్లక్ష్యం' అంటారు. అలాంటి బిడ్డను కన్నదన్న నిందా ఆమెకే.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఆదాయ పరిమితికి లోబడి, ముఖ్యంగా గ్రామాల్లో, దగ్గరలోనే ఉచిత వైద్యం అందించాలంది. జిల్లా కేంద్రం 'దగ్గర' ఎలా అవుతుంది? వారానికొకసారైనా థెరపిస్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రావాలి. ఇంట్లో చేయించే వ్యాయామాలు తండ్రికీ నేర్పాలి.

1992లో సారాపై ఈ జిల్లా దూబగుంట స్త్రీలు నిలబడితే, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఇప్పుడూ అడగాల్సింది మనమే. ముందుగా మీ ఊళ్ళో అలాంటి బిడ్డలెందరున్నారో లెక్క తీయండి.