దినమునకొక చిన్న ఆనకట్ట

రాజమహేంద్రవరమునకు దిగువన, అఖండ గోదావరి గౌతమిగను వసిష్ఠగను చీలుచోట ధవళేశ్వరము కలదు. ఆ యూరి పేరు చెప్పగనే పాఠశాల విద్యార్థికి సైతము జ్ఞప్తికి వచ్చునది ఆనకట్ట. సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ఆ కట్టడము డెల్టా ప్రజల బ్రతుకును మార్చివేసినది. ఆ యూర ఆనకట్టయే కాదు, ఇండ్ల ముందు అరుగులును ఉండెను. ఆనకట్ట చరిత్ర కెక్కినది, అరుగు ఎక్కలేదు. నేడు ఆ అరుగును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

వేసవిలో ప్రొద్దు గ్రుంకువేళ వాకిట నీళ్ళు చల్లి, నవారు మంచము వాల్చి, ఇంటిల్లిపాదియు గాలికై బయటకు వచ్చు అలవాటు గోదావరి సీమలో చాల కాలము నిలిచియుండెను. ఏటిమీదుగా చల్లగాలి తిరుగును. తాతగారు బొటనవ్రేలితో తాటిముంజ తీసి మనుమని నోటికందించుదురు. బామ్మగారు ఒక పాత పెండ్లి సంగతి మొదలిడి, అసలు ఘట్టము వచ్చుసరికి ఆపి, అందరిచేతను బ్రతిమాలించుకొందురు. ప్రక్కింటివారు పిలువకయే వచ్చి అరుగు అంచున కూర్చుందురు. వచ్చినవారికి మజ్జిగ, అది లేనినాడు మంచినీళ్ళు. ఇందులో డబ్బు పెట్టి కొనవలసినదేదియు లేదు. ఉత్తరములో వ్రాసి పంపదగిన విశేషమును లేదు. అయినను ఏబది యేండ్లు గడచిన పిమ్మట ఆ మనుమడు పరీక్షలో తెచ్చుకొన్న మార్కులు మరచియుండును గాని, ఆ ముంజలోని తీయని నీరు మరువడు.

ఒక్కొక్క ఋతువునకు ఒక్కొక్క సంతోషము. కొత్త ఆవకాయ కలిపిన నాడు, జాడీల కెత్తగా పళ్ళెమున మిగిలిన పిండిలో వేడి యన్నము వేసి కలిపి, తల్లి అందరి చేతులలోను తలకొక ముద్ద పెట్టును. కన్నుల నీరు కారుచుండగనే పిల్లలు రెండవ ముద్దకు చేయి చాపుదురు. వానకాలమున ఎర్రనీరు వచ్చినదని తెలియగనే సంసారములన్నియు ఏటిగట్టు చేరి వరదను చూచును. కార్తీకమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనములు. చలి ముదిరినంతట కాల్చిన తేగలు. వరద దినములలో సముద్రమునుండి ఏటికెదురీది వచ్చు పులస సంగతి చెప్పనే యక్కరలేదు. దాని పులుసు వండిన నాటికంటె మరునాడు రుచిగా నుండునని ఈ ప్రాంతమువారి మాట. నేడు పులస వెల సామాన్యుని కందునది కాదు. అయిన నేమి? చింతచిగురు పప్పు వండిన నాడును పంక్తిలో అదే నవ్వు వినవచ్చును.

ఇంటి సంతోషమునకు కలిమి కావలయునని తలచువారికి ధవళేశ్వరమే యొక నిదర్శనమును చూపుచున్నది. శ్రీ ముళ్ళపూడి వెంకటరమణ 1931లో ఈ యూరనే జన్మించిరి. తండ్రిగారు ఆనకట్టలో ఉద్యోగి. ఆయన చిన్నతనముననే తండ్రి గతించిరి, సంసారము చితికినది, కుటుంబము మద్రాసు చేరినది. లేమి యెట్టిదో ఆయన బాల్యముననే యెరిగిరి. అట్టివారి కలమునుండి 1950 దశకమున వెలువడినది ‘బుడుగు’. అందులో రాజులు లేరు, యుద్ధములు లేవు. ఒక యిల్లు, ఒక వీధి. అమ్మ, నాన్న, బామ్మ, బాబాయి, ప్రక్కింటివారు, సీగానపెసూనాంబ అను నెచ్చెలి, పెద్దలకే ప్రైవేటు చెప్పగల ఒక గడుగ్గాయి. ఈ మాత్రపు సామగ్రితో ఆ పుస్తకము తరతరములుగా తెలుగువారిని నవ్వించుచున్నది. నిండుగా నున్న యింటిని చిన్ననాటనే పోగొట్టుకొన్నవారు దానిని అంత నిండుగా వ్రాయగలుగుట గమనింపదగిన విషయము. దినదినము కంటి యెదుట నున్నదానిని మనము చూడక దాటిపోవుదుము. పోగొట్టుకొన్నవాడు దాని ముందు నిలిచిపోవును.

ఆ పుస్తకమునకు బొమ్మలు వేసిన శ్రీ బాపు ఆయనకు మద్రాసులో బడినాటి స్నేహితులు. ఆ చెలిమి ఎంత పెరిగినదనగా, తరువాతి కాలమున ఆ రెండు కుటుంబములును ఒకే యింట కాపురముండెను. 2011లో రమణగారు, 2014లో బాపుగారు గతించిరి. వారి చలనచిత్రములను గూర్చి చాలమంది వ్రాసిరి. చదువుకొను పిల్లలు ఎరుగవలసిన మరియొక సంగతి యేమనగా, ఆ గొప్ప కృషి అంతయు ఇద్దరు స్నేహితులు విసుగు లేక ఒకరి మాట ఒకరు వినుటతో మొదలైనది.

ఇక ఆనకట్ట మాట. 1833 ప్రాంతమున ఈ సీమను ఘోరమైన కరవు పట్టి పీడించెను. నాడును గోదావరి ఇదే గోదావరి. వానకాలమున ముంచెత్తి, అంతయు సముద్రము పాలై, వేసవికి చేను నెఱ్ఱెలు వారెడిది. కాటన్ దొర నదిలోనికి ఒక్క చుక్క నీరు కొత్తగా తేలేదు. నదిని నిలిపివేయను లేదు. కొలది యడుగుల కట్టతో నీటి మట్టమును పెంచి, కొంత నీటిని కాలువలకు మళ్ళించి, తక్కినదానిని దాని త్రోవన పోనిచ్చెను. పాత కట్టకు బదులుగా 1982 నాటికి పూర్తియై, 175 తలుపులతో నిలిచి ఆయన పేరు దాల్చిన బ్యారేజి నేడు చేయుచున్నదియు ఆ పనియే. దానివలన సుమారు పది లక్షల యెకరములు పండుచున్నవి.

మన దినమును అట్టిదే. బడి, ఆఫీసు, ట్యూషను, బస్సు ప్రయాణము, పరీక్షల బెదురు, చేతిలోని సెల్‌ఫోను, ఇవన్నియు కలిసి ఒక వరదయై ప్రొద్దుట మొదలై రాత్రికి మనలను నిద్ర యను సముద్రమున పడవేయుచున్నవి. ఒకే యింట నలుగురు కూర్చుండి నాలుగు తెరల వెలుగులో నాలుగు లోకములలో నుండుట నేడు వింత కాదు. ఆ వరదను ఆపుట మన చేత కాదు. ఆపవలసిన పనియును లేదు. దానికి అడ్డముగ ఒక గంట యెత్తు కట్ట వేసినచో చాలును. ఆ గంటసేపు సెల్‌ఫోను గూటిలో నుండును, పుస్తకము సంచిలో నుండును, మనుష్యులు ఒకరి కెదురుగ ఒకరుందురు. అరుగు లేనివారికి మేడమెట్టు చాలును. మెట్టు లేనివారికి చాప చాలును.

అరుగును పొగడునప్పుడు ఒక చేదు నిజమును కప్పిపుచ్చరాదు. వెనుకటి దినములలో అరుగుమీద మగవారు నవ్వుచుండగా, లోపల కట్టెలపొయ్యి కడ తల్లియో కోడలో పొగకు కన్నులు తుడుచుకొనుచుండెడిది. మజ్జిగ అరుగుమీదికి వచ్చెడిది. దానిని చిలికిన మనిషి వచ్చెడిది కాదు. ఒకరి సాయంకాలమును కాజేసి మరియొకరు అనుభవించు హాయి కుటుంబసుఖ మనిపించుకొనదు. కూర తరుగుట, కంచములు తోముట, ప్రక్కలు వేయుట కొడుకులును కూతుళ్ళును సమముగ పంచుకొన్ననాడే తల్లికి ఆ గంట దక్కును. ఆమె లేని అరుగు సగము అరుగే.

అట్లే, ఏటిలో వల వేయువారికిని, ఇసుక మోయువారికిని, రాత్రి కాపలా కాయువారికిని సాయంకాలము చేతిలో నుండదు. వారికి తెల్లవారుజామో, వాన పట్టి పని ఆగిన పగలో ఆ గంట కావచ్చును. ఇంటికి దూరముగ వసతిగృహములలో నుండి చదువు పిల్లలకు స్నేహితులే కుటుంబము. ఒక పొట్లము వేయించిన వేరుసెనగకాయలు నలుగురు వలుచుకొని తిను వేళ, వారికి ఆ వరండాయే అరుగు.

ఈ విషయమున ఉపాధ్యాయులు చేయగల మేలు కొంత కలదు. ఆదివారము సాయంకాలమును పిల్లలకు విడిచిపెట్టుడు. ఇంటిపని ఈయక తప్పదనుకొన్నచో, “మీ యింట పెద్దవారిని వారి చిన్ననాటి సంగతి యొకటి అడిగి రండు” అని పంపుడు. సోమవారము తెలుగు పాఠమునకు ముందు పది నిమిషములు వాటిని చెప్పింపుడు. 1986 ఆగస్టులో గోదావరి విరుచుకొనిపడిన రాత్రి ఎచ్చట తలదాచుకొనిరో, ఎవరి యింట గంజి త్రాగిరో చెప్పగలవారు ఈ సీమలో ఇంకను నున్నారు. ధవళేశ్వరము కడ 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 17.75 అడుగులకు మూడవ హెచ్చరిక యని పత్రికలలో చదువు అంకెలు, ఆ మాటలు విన్న పిల్లవానికి అంకెలుగ మాత్రమే మిగిలిపోవు. చూరు, పెరడు, కుంపటి, తంపటి అను మాటల యర్థము నిఘంటువులో దొరకును. వాటిని పలుకు తీరు బామ్మగారి నోట వినవలసినదే. ఆమె లేచిపోయిన వెనుక ఆ పాఠము చెప్పు బడి యెచ్చటను లేదు.

ఇట్లు గంట గడిపిన చదువు వెనుకబడునేమోయని తల్లిదండ్రులు శంకింపవచ్చును. రాజమహేంద్రవరమున ఉపాధ్యాయులుగ పనిచేసిన కీర్తిశేషులు భమిడిపాటి కామేశ్వరరావుగారు మన యిండ్లలోని మాటతీరును చెవియొగ్గి విని, దానినుండియే తమ హాస్యమును పిండుకొనిరి. ఆయన బడిపని దానివలన చెడలేదు. తెలుగు సాహిత్యము మాత్రము లాభపడినది. ఒకరి మాటను చివరివరకు వినగల పిల్లవాడు పుస్తకమును చివరివరకు చదువగలడు.

విద్యార్థులకు మేము చెప్పునది స్వల్పము. మీ తాతగారు చెప్పిన కథనే మరల చెప్పుచున్నచో, విననిదానివలె వినుడు. మీ తల్లి చిన్ననాటి స్నేహితురాలి పేరేమో అడుగుడు. తెలియక యే యిన్నేండ్లు గడచినచో, ఆ ప్రశ్న అడుగుటకు ఇదియే సమయము. ఇంటికి వచ్చిన స్నేహితునికి మీ సెల్‌ఫోనులోని చిత్రము చూపుటకు ముందు మంచినీళ్ళిచ్చి కూర్చుండబెట్టుడు.

నేడు ఆదివారము. ఈ అనుబంధములో మీరు చదువవలసిన కథలు, పద్యములు ఇంకను ఉండును. అవి రేపటి వరకు వేచియుండగలవు. లోపల ఎవరో కాఫీ కాచుచున్న సవ్వడి వినవచ్చుచున్నచో, పత్రికను మడిచి లేచి వెళ్ళి, ఆమె చేతిలోని గ్లాసులు మీరందుకొనుడు.