తాళం వేసి, జనం రాలేదంటారా?

హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక హైదరాబాదుది కాదు. 2025 అక్టోబరులో సామాను సర్దుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని బోర్డు మార్చుకుంది. కొన్నవాడి ఇష్టం, వ్యాపారంలో ఇవన్నీ మామూలే అని సరిపెట్టుకునేవాళ్లం. కానీ ఈ తరలింపును వెనకేసుకొస్తున్నవాళ్లు పోతూ పోతూ ఒక నింద కూడా వేస్తున్నారు. హైదరాబాదులో ఫుట్‌బాల్ చూసే జనం లేరట, టికెట్లు తెగలేదట, అందుకే వెళ్లక తప్పలేదట. జట్టు పోయినందుకు బాధపడి ఊరుకోవచ్చు. ఈ మాట విని మాత్రం ఊరుకోలేం.

కోలారు జిల్లాలో కూర్చుని ఈ గొడవ మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు తెలుగిళ్లలో అన్న నీలం చొక్కా తొడుక్కుని బెంగళూరు జట్టుకు జై కొడితే, తమ్ముడు పసుపు జెండా పట్టుకుని హైదరాబాదుకు కొట్టేవాడు. ఆ ముచ్చట అలా ఉంచితే, అసలు కారణం వేరే ఉంది. కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడ్డ 2001 ఫిబ్రవరి 28 నుంచి ఈ జిల్లాకు ఒక విద్య బాగా పట్టుబడింది. వెళ్లిపోయేవాడు చూపించే లెక్కలో ఏ కాగితం లేదో వెతకడం మనకు తెలుసు.

వెతుకుదాం. జట్టు పుట్టింది 2019 ఆగస్టులో. మొదటి సీజను అడుగు స్థానంతో ముగిసింది, వెంటనే కరోనా వచ్చిపడింది. తర్వాతి రెండు సీజన్లూ, అంటే 2020-21, 2021-22, ఇండియన్ సూపర్ లీగు మొత్తం గోవాలోనే జరిగింది, అదీ 2022 ఫైనల్ తప్ప తలుపులు మూసుకుని. మన ఫార్వర్డ్ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టింది అప్పుడే. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్ మీద గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చిందీ అప్పుడే. ఆ కప్పు కోసం జట్టు ఆడిన ఆటలో ఒక్క నిమిషం కూడా సొంత మైదానమైన గచ్చిబౌలిలో జరగలేదు. హైదరాబాదీలు దాదాపు ఆ సీజనంతా టీవీలోనే చూశారు. ఆరు సీజన్లలో రెండింటికి గేటు తెరిచిందే లేదు. ఆ రెండేళ్లనూ జనం ఖాతాలో వేసి, రాలేదని ఎలా అంటారు?

2022-23లో జట్టు ఇల్లు చేరింది. మనోలో మార్క్వెజ్ శిక్షణలో 20 మ్యాచుల్లో 42 పాయింట్లు తెచ్చుకుని రెండో స్థానంలో నిలిచింది. ఊరు అప్పుడప్పుడే జట్టును గుర్తుపట్టడం మొదలెట్టింది. సరిగ్గా అక్కడే యాజమాన్యం చేతులెత్తేసింది. 2023-24లో జీతాలు ఆగిపోయాయి. కొత్త ఆటగాళ్లను తీసుకోవడానికి వీల్లేదని నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సంచి సర్దుకున్నారు. మిగిలిన కుర్రాళ్లు ఆ సీజను ఎలా ఈడ్చుకొచ్చారో పాయింట్ల పట్టికే చెబుతుంది: 22 మ్యాచులు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు. రెండేళ్ల కిందటి విజేత అట్టడుగున పడింది. వంటవాడికి జీతమివ్వకుండా, పొయ్యి ఆర్పేసి, విస్తరి ముందు ఎవరూ కూర్చోలేదని ఊరిని తప్పుపట్టే పెళ్లిపెద్దను ఏమనాలి?

2024లో జట్టును కొన్న బీసీ జిందాల్ గ్రూపు పాత పాపాలకు బాధ్యత వహించనక్కర్లేదు, ఒప్పుకుంటాం. అయితే ఇల్లు కొన్నవాడు కారుతున్న కప్పు సంగతి తెలిసే కొంటాడు. ఒక్క సీజను ఉండి చూసి, వాన హైదరాబాదు తప్పంటే ఎవరు నమ్ముతారు?

ఇక ఆ ఊరికి ఫుట్‌బాల్ రాదనే మాటంటారా? సయ్యద్ అబ్దుల్ రహీం ఏ ఊరివాడు? ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలిపిన కోచ్ ఆయనే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెప్పించిందీ ఆయనే. మేటి ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ బిడ్డ. ఈ ఆటలో దేశం తలెత్తుకు తిరిగిన రోజులు పట్టుమని పది ఉంటే, అందులో సగం ఆ ఊరి పుణ్యమే. రహీం సాబ్ మీద సినిమా తీయొచ్చు గానీ, ఆయన ఊళ్లో జట్టును నిలపడం మాత్రం గిట్టుబాటు కాదట.

ఎదుటివాళ్ల మాటల్లోనూ కొంత నిజముంది. స్టేడియాల అద్దెలు భారమే. లీగు భవిష్యత్తే తేలక 2025 ఆగస్టులో బెంగళూరు కూడా ఆటగాళ్ల జీతాలు ఆపిందన్నదీ నిజమే. 2019లో మనకు ఈ జట్టు దక్కింది పుణె జట్టు స్థానంలోనే, అప్పుడు పుణె అభిమానుల గురించి మనమూ అడగలేదు. ఆ చురక తగిలింది, భరిస్తాం.

జట్లను ఊరు దాటించే ఈ విద్య అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాతది. 1984 మార్చి చివర్లో, మంచు కురుస్తున్న ఓ రాత్రి, బాల్టిమోర్ కోల్ట్స్ జట్టు సామానంతా లారీలకెక్కించి తెల్లారేసరికి ఇండియానాపొలిస్ దారి పట్టించారు. కానీ అదే దేశంలో 1995లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ యజమాని ఆర్ట్ మోడెల్ ఊరు వదలబోతే నగరం కోర్టుకెక్కింది. ఆటగాళ్లు వెళ్లారు గానీ పేరు, రంగులు, రికార్డులు క్లీవ్‌లాండ్‌లోనే ఉండిపోయాయి. 1999లో కొత్త జట్టు ఆ పేరుతోనే బరిలో దిగింది. మనవాళ్లు మాత్రం లారీల భాగం ఒక్కటే నేర్చుకున్నారు.

అందుకే భారత ఫుట్‌బాల్ సమాఖ్యను సూటిగా అడుగుతున్నాం. ఏ షరతుల మీద ఈ తరలింపుకు తలూపారు? చార్మినార్, కోహినూరు చిహ్నాలున్న ఆ గుర్తు ఇప్పుడు ఎవరి ఆస్తి? (కోహినూరు పోవడం మనకు కొత్త కాదు, చార్మినార్‌నైనా వదలండి.) 2022 కప్పును ఏ ఊరి పేరు కింద రాస్తారు? ఆ పేరు, పసుపు రంగు, ఆ రికార్డు హైదరాబాదుకే చెందుతాయని, రేపు ఆ ఊళ్లో జట్టు పెట్టడానికి ఎవరు ముందుకొచ్చినా వాళ్లకే దక్కుతాయని సమాఖ్య రాతపూర్వకంగా ప్రకటించాలి. దీనికి పైసా ఖర్చు కాదు, కాబట్టి నష్టాల సాకు చెప్పే వీలు కూడా లేదు.

కేజీఎఫ్‌లో నూటయిరవై ఏళ్లు బంగారం తవ్వి, గిట్టుబాటు కావడం లేదని చెప్పి వెళ్లిపోయారు. సైనైడ్ దిబ్బలు మాత్రం ఇక్కడే ఉన్నాయి. ఎండాకాలం గాలి లేచిన సాయంత్రాల్లో, దిబ్బల పక్కన బంతి తన్నే పిల్లల కాళ్లు మోకాళ్ల దాకా బూడిదరంగు తేలతాయి. ఈ ఊరికి ఆటల మీద ఆసక్తి లేదని ఇక్కడికొచ్చి ఎవరైనా అంటే, ఆ పిల్లలు ముందు బంతి పక్కన పెడతారు. తర్వాత జరిగేదానికి ఈ పత్రిక పూచీ కాదు.