పిల్లల నొప్పి - పెద్దల తీర్పు

"పిల్లలకి నొప్పుల గురించి ఏం తెలుస్తుంది? దానిమీద మళ్ళీ పరిశోధనలు కూడానా? మనకింతకన్నా పెద్ద సమస్యలు లేవా?"

నెలల తరబడి వదలని నొప్పిని పిల్లలు ఎలా అర్థం చేసుకుంటారు, దాని గురించి ఎవరి దగ్గర ఏం నేర్చుకుంటారు అనే విషయం ఎత్తగానే మొదట వినపడే మాట ఇదే. డాక్టర్లే కాదు, స్త్రీల సంఘాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళు కూడా ఇదే అంటారు. గృహహింస, అత్యాచారాలు, కూలి రేట్లు, భూమి హక్కులు - ఇన్నిటి మధ్య పదేళ్ళ పిల్ల మోకాళ్ళ నొప్పికి చోటెక్కడ?

చోటుంది. ఎందుకంటే ఇది మందుబిళ్ళలకి సంబంధించిన సమస్య మాత్రమే కాదు. ఎవరి మాట నమ్మాలి, ఎవరి మాట కొట్టిపారెయ్యాలి అని నిర్ణయించే అధికారానికి సంబంధించిన సమస్య. "అమ్మా, కాళ్ళు గుంజుతున్నయ్" అన్న ఆడపిల్లకి "ఊకోవే, ఆడపుటక పుట్టినంక ఓర్చుకోవాలె" అని జవాబొస్తే, ఆ పిల్లకి దొరికింది వైద్య సలహా కాదు. నీ శరీరం గురించి నువ్వు చెప్పేదానికి విలువ లేదు అనే పాఠం. పదిహేనేళ్ళ తర్వాత అదే పిల్ల భర్త కొట్టిన దెబ్బల గురించి నోరు విప్పకపోతే "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అని కౌన్సెలింగ్ కేంద్రాల్లో అడుగుతాం. చెప్పకూడదనే పాఠం ఆమెకి ఎప్పుడు మొదలైందో మాత్రం అడగం.

నొప్పే లేదన్న శాస్త్రం

శాస్త్రం ఎప్పుడూ నిజమే చెబుతుందనుకునేవాళ్ళు జెఫ్రీ లాసన్ సంగతి తెలుసుకోవాలి. 1985లో అమెరికాలోని వాషింగ్టన్‌లో నెలలు నిండకుండా పుట్టిన ఈ పసివాడికి గుండెకి సంబంధించిన ఆపరేషన్ చేశారు. ఒళ్ళు కదలకుండా ఉండే మందు ఇచ్చారు. నొప్పి తెలియకుండా ఉండే మందు మాత్రం ఇవ్వలేదు. కొన్ని వారాలకి బిడ్డ చనిపోయాడు. తల్లి జిల్ లాసన్ ఆస్పత్రి రికార్డులు తెప్పించి చదివితే గానీ ఈ సంగతి బయటపడలేదు. ఆమె నిలదీస్తే వచ్చిన జవాబు - అంత చిన్నపిల్లలకి నొప్పి తెలుస్తుందనడానికి రుజువు లేదని! అది ఒక్క డాక్టరు అభిప్రాయం కాదు. ఆ రోజుల్లో చాలామంది వైద్యులు నమ్మిన విషయమే.

జిల్ లాసన్ ఊరుకోలేదు. పత్రికలకెక్కింది. 1987లో డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్, ఇంగ్లండులోని ఆయన సహచరులు కలిసి నెలలు నిండని పిల్లలమీద చేసిన పరిశోధన వెలువడింది. ఆపరేషన్ సమయంలో నొప్పి మందు కూడా ఇచ్చిన పిల్లల శరీరాలు తక్కువ ఒత్తిడికి గురయ్యాయనీ, తర్వాతి చిక్కులు కూడా తగ్గాయనీ అందులో తేలింది. ఆ ఏడాదే అమెరికా పిల్లల వైద్యుల సంఘం పసిపిల్లలకి కూడా మత్తు, నొప్పి మందులు ఇవ్వాలని ప్రకటించింది.

పసివాడు నోటితో చెప్పలేడు కాబట్టి అతనికి నొప్పి లేదన్నారు. ఏడుపు ఉంది, బిగుసుకుపోయిన చేతులున్నాయి, పక్కనే తల్లి ఉంది. అవేవీ సాక్ష్యాలు కాలేదు. స్త్రీల విషయంలోనూ ఇలాంటి తీర్పులే కదా మనం వింటున్నది!

ఏ తప్పు చేశానని ఈ నొప్పి?

నొప్పి గురించి పిల్లలు ఏమనుకుంటారో పిల్లల్నే అడిగినవాళ్ళు లేకపోలేదు. ఐర్లండులో గాఫ్నీ, డన్ అనే ఇద్దరు పరిశోధకులు 5 నుంచి 14 ఏళ్ళ మధ్య వయసున్న 680 మంది బడిపిల్లల్ని ప్రశ్నించి, 1986, 87 సంవత్సరాల్లో ఫలితాలు ప్రచురించారు. చిన్నపిల్లలు నొప్పిని ఎక్కడో ఒకచోట ఉండే వస్తువులాగా చెప్పారు. పెద్దపిల్లలు దాన్ని మనసులోని దిగులుతో, భయంతో కలిపి చెప్పారు. మనం ఆగి ఆలోచించవలసిన విషయం ఇంకొకటుంది. నొప్పి ఎందుకొస్తుందంటే, చేయకూడని పని చేసినందుకు వస్తుందని చెప్పిన పిల్లలు చాలామంది ఉన్నారు.

ఇది ఐర్లండుకే పరిమితమా? "చెప్పిన మాట వినలేదు, మంచి పని అయింది" అని పడిన పిల్లల్ని అనని ఇల్లు మనకుందా? మనం దీనికి మరి రెండు కలిపాం. దిష్టి తగిలిందంటాం. పోయిన జన్మలో పాపమంటాం. మోకాలు కొట్టుకుపోతే ఈ మాటలు నాలుగు రోజుల్లో పిల్ల మరచిపోతుంది. కానీ మూడు నెలలు దాటినా పోని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఆ పిల్ల రోజూ నొప్పితో లేస్తుంది. రోజూ తను చేసిన తప్పేమిటో వెతుక్కుంటుంది. నొప్పి ఒకటి, దానిమీద నేరభావం ఇంకొకటి. మొదటిది మనం ఇచ్చింది కాకపోవచ్చు. రెండోది మాత్రం మనం నేర్పిందే.

నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు రెండు మాటలు స్పష్టంగా చేర్చింది. నొప్పి అంటే ఏమిటో మనుషులు జీవితానుభవం నుంచి నేర్చుకుంటారన్నది ఒకటి. నొప్పిగా ఉందని ఎవరైనా చెబితే ఆ మాటని గౌరవించాలన్నది రెండోది. జీవితానుభవమే బడి అయితే, మన ఇళ్ళల్లో ఆ బడి ఎలా నడుస్తోంది?

అమ్మ నడుమే పాఠ్యపుస్తకం

నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే తల్లిని చూడండి. ఒళ్ళో చాట పెట్టుకుని, తల వంచి, గంటల తరబడి కూచుంటుంది. మెడ పట్టేస్తుంది. నడుము పీకుతుంది. ఇంత అమృతాంజనం రాసుకుని మళ్ళీ చాటముందు కూచుంటుంది, లెక్క పూర్తికాకపోతే కూలి రాదు కనక. అదే ఇంట్లో తండ్రికి నడుం పట్టేస్తే మంచం వేస్తారు. కాపడం పెడతారు. పిల్లల్ని గోల చెయ్యొద్దంటారు.

పక్కన కూచుని ఆకు కత్తిరించే కూతురు ఇదంతా చూస్తూనే ఉంటుంది. ఎవరూ నోటితో చెప్పకుండానే ఆమెకి అర్థమైపోతుంది: నొప్పి ఇద్దరికీ వస్తుంది, విశ్రాంతి మాత్రం ఒకరికే వస్తుంది. కొడుకూ నేర్చుకుంటాడు. "మగాడివై ఏడుస్తావా" అన్న మాటతో అతని నోరూ మూతపడుతుంది. కానీ పెద్దయ్యాక అతనికి మంచం దొరుకుతుంది, ఆమెకి చాటే దొరుకుతుంది. పితృస్వామ్యం పుస్తకాల్లో ఉండే మాట కాదు. అది నడుంనొప్పి దగ్గర కూడా పనిచేస్తుంది.

ఇక్కడ మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. 2019లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 264 మంది పెద్దవాళ్ళకి ఒక వీడియో చూపించారు. అయిదేళ్ళ పాపకో బాబుకో రక్తపరీక్ష కోసం వేలికి సూది గుచ్చుతారు. అందరికీ చూపించింది ఒకే బిడ్డని, ఒకే ఏడుపుని. కొందరికి అబ్బాయి అని చెప్పారు, కొందరికి అమ్మాయి అని చెప్పారు. అబ్బాయి అనుకున్నవాళ్ళు నొప్పి ఎక్కువగా ఉందన్నారు. అమ్మాయి అనుకున్నవాళ్ళు తక్కువన్నారు. ఆడపిల్లలు ఊరికే ఏడుస్తారు, మగపిల్లాడు ఏడ్చాడంటే నిజంగా నొప్పి ఉన్నట్టే అన్న నమ్మకమే ఈ తేడాకి మూలమని తేలింది. అంతకంటే చేదు నిజం - ఈ తేడా ప్రధానంగా వచ్చింది చూసిన స్త్రీల నుంచే.

ఆడవాళ్ళకి ఆడవాళ్ళే శత్రువులు అని సంబరపడేవాళ్ళకి ఇది ఆయుధం కాకూడదు. తన నొప్పిని ఎవరూ నమ్మని ఇంట్లో పెరిగిన స్త్రీ, కూతురి నొప్పిని కొలవడానికి అదే కొలమానం వాడుతుంది. ఆమె దగ్గరున్న కొలమానం అదొక్కటే. దాన్ని మార్చే పని మనది.

ఎవరి మాటల్లో అడుగుతున్నారు?

2011లో వెలువడిన ఒక సమీక్ష అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూసింది. తలనొప్పి, కడుపునొప్పి, నడుంనొప్పి, కీళ్ళ, కండరాల నొప్పులు పిల్లల్లో మామూలేననీ, చాలా రకాల నొప్పులు ఆడపిల్లల్లోనే ఎక్కువనీ చెప్పింది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల దీర్ఘకాలిక నొప్పికి మార్గదర్శకాలు తెచ్చింది. వ్యాయామం, మానసికమైన తోడ్పాటు, మందులు - మూడూ చెప్పింది. కానీ వాటికి దొరికిన ఆధారాలు బలహీనంగా ఉన్నాయని తానే ఒప్పుకుంది. ప్రపంచంలోనే ఇంత కొరత ఉంటే "పరిశోధన దేనికి?" అనే ప్రశ్నకి అర్థముందా?

ఐతే ఎలాంటి పరిశోధన అన్నది ముఖ్యం. నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా బొమ్మలు గీసిన కార్డు ఇచ్చి, నీ నొప్పి ఏ బొమ్మ అని పిల్లల్ని అడుగుతారు. ఏడిస్తే తిడతారని నేర్చుకున్న పిల్ల ఏ బొమ్మ మీద వేలు పెడుతుంది? ఇంగ్లీషులో తయారైన ప్రశ్నల్ని అనువదించి, నొప్పి ఎక్కువా తక్కువా అని అడుగుతారు. మన భాషలో పోటు వేరు, సలుపు వేరు. గుంజడం వేరు, పీకడం వేరు. మెలిపెట్టడం, జివ్వుమనడం, తిమ్మిరెక్కడం దేనికదే. పిల్లలు వాడే ఈ మాటలన్నిటినీ ఒక్క "నొప్పి"లో కుక్కేస్తే మిగిలేదేమిటి? ఆదివాసీ పిల్లల సంగతి మరీ అన్యాయం. సికిల్ సెల్ జబ్బుతో ఎముకలు విరిచినట్టు బాధపడే కోయ, గోండు పిల్ల ఆశ్రమ పాఠశాలలో తన నొప్పిని తనది కాని భాషలో చెప్పుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది. 2023లో దాన్ని నిర్మూలిస్తామని జాతీయ మిషన్ మొదలైంది. రక్తం పరీక్షిస్తున్నారు, కార్డులిస్తున్నారు. మంచిదే. పిల్ల మాట వినడానికి కూడా ఎవరినైనా పెట్టాలి కదా!

మెదడుని సరిచేస్తే సరిపోతుందా?

నొప్పి గురించి పిల్లలకి పాఠాలు చెప్పాలనే ధోరణి ఈమధ్య విదేశాల్లో బలపడుతోంది. నొప్పి శరీరం మోగించే గంట లాంటిదనీ, గాయం మానాక కూడా ఒక్కోసారి ఆ గంట మోగుతూనే ఉంటుందనీ, అప్పుడు భయపడకుండా మెల్లగా కదలాలనీ చెబుతారు. ఇందులో నిజం ఉంది. ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోతే నాటకమని ముద్రవేసే పద్ధతికి ఇది మంచి జవాబు కూడా. కానీ ఇదే మాట మన దగ్గరికి వచ్చేసరికి "అంతా నీ మనసులోనే ఉంది" అని మారిపోయే ప్రమాదం ఉంది.

నల్లగొండ పిల్లలకి ఈ పాఠం ఎలా చెబుతారు? మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి అప్పటి నెల్లూరు జిల్లా నుంచి 1937లోనే డాక్టర్లు రాశారు. నల్లగొండ పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించారు. అయినా నీళ్ళ కోసం జనం పోరాడుతూనే ఉండాల్సొచ్చింది. 1996 పార్లమెంటు ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి నిలబడి దేశం కళ్ళు తెరిపించవలసి వచ్చింది. తర్వాత కృష్ణా నీళ్ళు, భగీరథ నల్లాలు వచ్చాయి. అప్పటికే వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిటారు కాలేదు.

ఆ పిల్లల ఫోటోలు మనందరం చూశాం, ఊరేగింపుల్లో పట్టుకున్నాం. కాళ్ళు వంగకముందు కీళ్ళు పట్టేసినప్పుడు వాళ్ళేమన్నారో మనలో ఎంతమందికి తెలుసు? వంకర కనపడేదాకా నొప్పికి సాక్ష్యం లేదనుకున్నాం. కాబట్టి నీళ్ళలో విషం ఉన్నచోట, పిల్లలచేత పని చేయించేచోట, మెదడుకి పాఠం చెప్పి ప్రభుత్వాన్నీ యజమానినీ వదిలేసే పరిశోధన మనకొద్దు. కారణాన్ని తొలగించాలి. కారణం పోయినా మిగిలిన నొప్పికి వైద్యం చెయ్యాలి. రెండూ కావాలి.

మనం అడగవలసినవి

1989 బాలల హక్కుల ఒప్పందాన్ని మన దేశం 1992లో అంగీకరించింది. తమకి సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయం చెప్పే హక్కు, దానికి తగిన విలువ పొందే హక్కు పిల్లలకి ఉందని దాని 12వ అధికరణం చెబుతుంది. తన నొప్పి కంటే తనకి సంబంధించిన విషయం పిల్లకి ఇంకేముంటుంది?

అందుకని మనం ఈ డిమాండ్లు పెట్టాలి:

పిల్లల నొప్పి గురించిన పరిశోధనల్లో తల్లిదండ్రుల్నీ టీచర్లనీ అడిగి ఊరుకోకూడదు. పిల్లల్ని, వాళ్ళ ఇంటి భాషలో, వాళ్ళ ఒప్పుదలతో అడగాలి. తేలిన విషయం తిరిగొచ్చి వాళ్ళకి చెప్పాలి.

మూడు నెలలుగా నొప్పి అంటున్న ప్రతి పిల్లనీ అంగన్‌వాడీ, బడి, హాస్టలు నమోదు చేసి డాక్టరు దగ్గరికి పంపాలి. నొప్పివల్ల బడి మానితే శిక్షించకూడదు.

బహిష్టు నొప్పి "అందరికీ ఉండేదే" అనే పాఠం ఆగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఎండోమెట్రియోసిస్‌తో బాధపడుతున్న స్త్రీలు, బాలికలు దాదాపు 19 కోట్ల మంది. జబ్బు పేరు తెలియడానికే చాలామందికి ఏళ్ళు పడుతోంది. ఏ నొప్పి మామూలు, ఏ నొప్పికి డాక్టరు కావాలి అనేది ఎనిమిదో తరగతికల్లా ఆడపిల్లలకీ మగపిల్లలకీ కూడా చెప్పాలి.

చివరిది మన సంఘాలకే. ఆరోగ్య శిబిరాల్లో స్త్రీల నడుంనొప్పి గురించి మాట్లాడేటప్పుడు పిల్లల్ని బయటికి పంపకండి. అమ్మ తన నొప్పిని పైకి చెప్పడం, నలుగురు దాన్ని నమ్మడం, పని పంచుకోవడం పిల్లలు చూడాలి. ఓర్పు ఆడపిల్లకి అందం కాదు. మనం ఆమెమీద మోపిన బరువు. ఆ బరువు దించడం "నొప్పిగా ఉంది" అన్న పిల్లతో "ఎక్కడ, ఎట్లా ఉందో చెప్పు" అనడంతో మొదలవుతుంది.