తప్పు ఏడో రౌండు కుర్రాడిది కాదు

2025 ఫిబ్రవరి 9, న్యూ ఆర్లీన్స్. సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ తరఫున లెఫ్ట్ టాకిల్‌గా నిలబడ్డవాడు జోర్డన్ మైలాటా. కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2018లో, ఏడో రౌండులో 233వ ఎంపికగా వచ్చిన ఆస్ట్రేలియా కుర్రాడు. ఎంపికైన నాటికి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడి ఎరగడు, తెలిసిందల్లా రగ్బీ లీగ్. అవతల కాన్సాస్ సిటీ చీఫ్స్‌కి అదే చోట నిలబెట్టడానికి మనిషి లేడు. గార్డ్‌గా ఆడే జో టూనీని పక్కకి జరిపి టాకిల్ చేశారు. ఆ స్థానం కోసమే 2024లో రెండో రౌండులో తెచ్చుకున్న కుర్రాడిని రెండు మ్యాచ్‌లకే పక్కన పెట్టేశారు మరి. ఆ రాత్రి చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ ఆరుసార్లు శాక్ అయ్యాడు, అంటే బంతి విసరకముందే నేలకరిచాడు. ఈగిల్స్ 40-22తో గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనంగా ఒక్కణ్ణి పంపాల్సిన అవసరం కూడా ఫిలడెల్ఫియా డిఫెన్స్‌కి రాలేదు.

సీజన్ ముగియగానే ఏటా ఒక ఏడుపు మొదలవుతుంది. కాలేజీలు పనికొచ్చే లైన్‌మన్లని తయారు చెయ్యడం లేదట, కొందామంటే దొరకడం లేదట, దొరికినవాళ్లు కోట్లు అడుగుతున్నారట. జనరల్ మేనేజర్లు ఏడుస్తారు, హెడ్ కోచ్‌లు తలూపుతారు, టీవీలో కూర్చున్న పెద్దమనుషులు వంత పాడతారు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లని చాలామందినే చూశాం గానీ, మద్దెలని తామే చించేసి ఓడని అరిచేవాళ్లు ఈ జట్లు ఆడే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనే కనిపిస్తారు. లైన్‌మన్ల కరువు పైనుంచి ఊడిపడలేదు. 32 జట్లలో చాలా జట్లు తమ చేతులారా తెచ్చిపెట్టుకున్నాయి.

ఆట అంతగా తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. క్వార్టర్‌బ్యాక్ ముందు ఐదుగురు గోడ కడతారు: మధ్యలో సెంటర్, అటూ ఇటూ ఇద్దరు గార్డులు, చివరల్లో ఇద్దరు టాకిళ్లు. వీళ్లే లైన్‌మన్లు. ఒక్కొక్కడూ నూట నలభై కిలోలకి అటూ ఇటూ ఉంటాడు. బంతి పట్టుకునే పని లేదు, స్కోరు పట్టికలో పేరు ఉండదు, తప్పు చేసినప్పుడు మాత్రమే కెమెరా అతని వైపు తిరుగుతుంది. ఇలాంటివాళ్లని ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో చివరి మూడు రౌండ్లలో ఒకరినో ఇద్దరినో చాలా జట్లు తీసుకుంటాయి. జూలై చివర్లో శిక్షణ శిబిరం మొదలవుతుంది. ఆగస్టు చివరికల్లా 90 మందిని 53కి కుదించాలి. అంటే జట్టుకి 37 మంది చొప్పున, లీగ్ మొత్తం మీద దాదాపు 1,184 మంది కొద్ది గంటల తేడాలో రోడ్డున పడతారు. ఏడో రౌండు కుర్రాడు చాలాసార్లు ఆ మందలోనే ఉంటాడు. ఆ 53 మందికి బయట ప్రాక్టీసు కోసం ఉంచుకునే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో దాచుకుందామని వదిలితే ఇంకో జట్టు లాగేసుకోవచ్చు. అప్పుడతనికి కొత్త ఊరు, కొత్త కోచ్, అదే ఎత్తుగడకి మరో పేరు. మొదటి జట్టులో నేర్చుకున్న అడుగులు రెండో జట్టులో తప్పవుతాయి.

ఆ అడుగుల సంగతి చెప్పాలి, ఎందుకంటే అసలు మోసం అక్కడే ఉంది. కాలేజీల్లో ఇప్పుడు ఎక్కువగా నడిచేది స్ప్రెడ్ ఆట. లైన్‌మన్ చెయ్యి నేలకి ఆనించకుండా నిలబడే ఉంటాడు, బంతి క్షణాల్లో పక్కకి వెళ్లిపోతుంది, రెండు సెకన్లు అడ్డుకుంటే పని అయిపోయినట్టే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వచ్చాక చెయ్యి నేలమీద పెట్టి లేవడం నేర్చుకోవాలి. పాస్ విసిరేవాణ్ణి కాపాడటానికి వెనక్కి జారుతూ వేసే అడుగు ఎంత వెడల్పు ఉండాలి, నడుము ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు తిరిగితే కొంప మునుగుతుంది, చేతులు ముందుగా విసిరితే ఎదుటివాడు వాటిని ఎలా కొట్టి పడేస్తాడు, ఆలస్యమైతే గుండెల మీదికి ఎలా వచ్చేస్తాడు... ఇదంతా కండరాలకి ఎక్కాలి. పక్క గార్డుతో కలిసి ఒకణ్ణి నెట్టి, సరైన క్షణంలో వదిలేసి వెనకున్న లైన్‌బ్యాకర్‌ని అందుకోవాలి. ఎదుటి ఇద్దరూ దారులు మార్చుకుని వస్తే మాట్లాడుకునే వ్యవధి లేకుండానే మనిషిని మార్చుకోవాలి. పక్కవాడి కదలికని భుజంతో పసిగట్టాలి. ఇది ఆరు వారాల్లో వచ్చే విద్య అని చెప్పేవాడు అబద్ధమైనా ఆడుతుండాలి, లేదా ఎప్పుడూ ఆ చోట నిలబడి ఉండకపోవాలి.

సరే, ఆగస్టు గండం దాటి జట్టులో మిగిలాడనుకుందాం. సీజన్‌లో ఏం నేర్పుతారు? దాదాపు ఏమీ నేర్పరు. ప్రాక్టీసులో అవకాశాలన్నీ మొదటి ఐదుగురికే పోతాయి. కొత్త కుర్రాడిని స్కౌట్ టీమ్‌లో పెడతారు. అంటే వచ్చే ఆదివారం ఎదురయ్యే జట్టు ఎలా ఆడుతుందో కార్డు మీద గీసి చూపిస్తే, అచ్చం వాళ్లలా నటించాలి. ఈ వారం బఫలో వాడిలా, వచ్చే వారం డెన్వర్ వాడిలా. వారం వారం పరాయి జట్ల ఆట మోస్తూ, సొంత జట్టు విద్య నేర్చుకోకుండానే ఏడాది గడిచిపోతుంది. మళ్లీ ఆగస్టు వచ్చేసరికి, "రెండేళ్లయినా మెరుగుపడలేదు" అని చేతులు దులుపుకుంటారు. మెరుగుపరచడానికి మీరు పెట్టిన గంటలెన్ని, అయ్యా?

మైలాటాని ఈగిల్స్ ఏం చేసిందో చూడండి. 2018, 2019... రెండు సీజన్లలో ఒక్క మ్యాచ్ ఆడలేదు, వెన్ను గాయాలు వేరే. అయినా వదల్లేదు. 2013 నుంచి ఆ జట్టు లైన్‌ని తీర్చిదిద్దిన కోచ్ జెఫ్ స్టౌట్‌లండ్ చేతికి అప్పగించి ఓపిక పట్టింది. 2020లో మైదానంలోకి దిగాడు. 2021లో లెఫ్ట్ టాకిల్ స్థానం కోసం ఆండ్రే డిల్లార్డ్‌తో పోటీ పడి గెలిచాడు. డిల్లార్డ్ ఎవరనుకున్నారు? 2019లో అదే జట్టు మొదటి రౌండులో, 22వ ఎంపికగా తెచ్చుకున్నవాడు. మొదటి రౌండువాణ్ణి కాదని ఏడో రౌండువాణ్ణి నిలబెట్టడానికి ఆ జట్టు అహం అడ్డు రాలేదు, అదీ గొప్ప. టీవీలో ఆటగాళ్లు తమ కాలేజీ పేరు చెప్పుకునేటప్పుడు మైలాటా "జెఫ్ స్టౌట్‌లండ్ యూనివర్సిటీ" అంటాడు. నవ్వు తెప్పించే మాటే గానీ, ఆ సర్టిఫికెట్ మిగతా జట్ల మొహాన కొట్టినట్టుంటుంది.

ఒక్కడి అదృష్టాన్ని పట్టుకుని వాదిస్తున్నానంటారా? గ్రీన్ బే ప్యాకర్స్‌ని చూడండి. జాష్ సిట్టన్ 2008లో నాలుగో రౌండు, టి.జె. లాంగ్ 2009లో నాలుగో రౌండు, డేవిడ్ బక్తియారీ 2013లో నాలుగో రౌండు, కోరీ లిన్స్‌లీ 2014లో ఐదో రౌండు. వీళ్లందరి మీదా 2007 నుంచి 2018 దాకా ఉన్న లైన్ కోచ్ ఒకడే, జేమ్స్ క్యాంపెన్. తర్వాత కూడా ఆ అలవాటు పోలేదు. 2022లో ఏడో రౌండులో 249వ ఎంపికగా వచ్చిన రషీద్ వాకర్ మొదటి ఏడాదంతా దాదాపు కూర్చునే ఉన్నాడు, మరుసటి ఏడాది బక్తియారీ గాయపడగానే లెఫ్ట్ టాకిల్ స్థానం అందుకున్నాడు. న్యూ ఇంగ్లండ్‌లో లైన్ కోచ్ డాంటే స్కార్నెక్కియా 2013 సీజన్ తర్వాత విశ్రాంతి తీసుకున్నాడు. రెండేళ్లకి డెన్వర్‌లో జరిగిన సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ ఇరవైసార్లు దెబ్బలు తిన్నాడు. ముసలి కోచ్‌ని బతిమాలి వెనక్కి తెచ్చుకున్నారు, మరుసటి సీజన్ సూపర్ బౌల్ గెలిచారు. 2018లో శాన్ ఫ్రాన్సిస్కో తనకి అక్కర్లేదని ట్రెంట్ బ్రౌన్‌ని ఒక ఐదో రౌండు ఎంపికతో కలిపి మూడో రౌండు ఎంపికకి న్యూ ఇంగ్లండ్‌కి ఇచ్చేసింది. బ్రౌన్ అసలు 2015లో ఏడో రౌండువాడు. స్కార్నెక్కియా చేతిలో ఒక్క ఏడాది, ఒక సూపర్ బౌల్, ఆ వెంటనే రెయిడర్స్ నుంచి నాలుగేళ్లకి 6.6 కోట్ల డాలర్లు. మనిషి మారలేదు, ఎత్తు మారలేదు, చేతుల పొడవు మారలేదు. మారింది నేర్పేవాడు.

నా వాదనకి ఎదురయ్యే గట్టి ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటవేయను. మొదటి రౌండు లైన్‌మన్లే ఎక్కువగా నిలబడతారు, ఏడో రౌండువాళ్లు ఎక్కువగా రాలిపోతారు. నిజం. అందరూ మైలాటాలు కారు, సగం మంది కూడా కారు. కానీ ఆ లెక్కలో ఎవరూ చూపించని గడి ఒకటుంది: ఎవరికి ఎన్ని అవకాశాలు దొరికాయి? మొదటి రౌండువాడు తడబడితే జనరల్ మేనేజర్ పరువు పోతుంది, కాబట్టి మూడేళ్లు మోస్తారు. మెఖై బెక్టన్‌ని న్యూయార్క్ జెట్స్ 2020లో 11వ ఎంపికగా తీసుకుంది. గాయాలు, బరువు, నిరాశ... నాలుగేళ్లయ్యేసరికి పనికిరానివాడు అనిపించుకున్నాడు. 2024లో ఈగిల్స్ ఒక్క ఏడాది ఒప్పందంతో తీసుకుని, టాకిల్ నుంచి రైట్ గార్డ్‌కి మార్చి ఆడిస్తే సూపర్ బౌల్ గెలిచే లైన్‌లో భాగమయ్యాడు. మంచిదే, సంతోషించాను. అదే నాలుగేళ్ల చరిత్ర ఏడో రౌండువాడి పేరు మీద ఉంటే అతను ఐదో ఏడు ఎక్కడ ఉండేవాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒకడికి నాలుగేళ్లు, ఇంకొకడికి నాలుగు వారాలు ఇచ్చి, చివర్లో మార్కులు పోల్చడం ఏం న్యాయం?

కొందరు వెంటనే పనికొస్తారు కూడా. జేసన్ కెల్సీ 2011లో ఆరో రౌండు, 191వ ఎంపిక. సెంటర్‌కి తేలికైనవాడని అందరూ వదిలేశారు. ఆ ఏడాదే ఈగిల్స్‌కి వచ్చిన కోచ్ హోవర్డ్ మడ్‌కి చురుగ్గా కదిలే సెంటరే కావాలి. మొదటి మ్యాచ్ నుంచే ఆడాడు, పదమూడు సీజన్లు ఆడాడు. తనకి ఏం కావాలో తెలిసిన కోచ్ ఉంటే ఆరో రౌండులో కూడా సరుకు దొరుకుతుంది. తెలియని జట్టు తూకపు రాయి పట్టుకుని తిరుగుతూనే ఉంటుంది.

ఇక ప్రాక్టీసు. ఆటగాళ్ల సంఘంతో లీగ్ కుదుర్చుకున్న 2011 ఒప్పందంతో వేసవి శిక్షణ 14 వారాల నుంచి 9 వారాలకి తగ్గింది. సీజన్‌లో ప్యాడ్లు కట్టుకుని చేసే ప్రాక్టీసులు 14కి పరిమితమయ్యాయి. ఆటగాళ్లు అడిగింది న్యాయమే. తలలు పగులుతున్నాయి, మోకాళ్లు పోతున్నాయి. నేను ఆ గుద్దులు తిరిగి తెమ్మనడం లేదు. అయితే ఆ నెపం మీద అడుగులు నేర్పే సమయం కూడా ఎందుకు పోవాలి? దానికి గుద్దుకోనక్కర్లేదే! పైగా 2021లో సీజన్‌ని 17 మ్యాచ్‌లకి పెంచి, సన్నాహక మ్యాచ్‌లని నాలుగు నుంచి మూడుకి తగ్గించారు. ఆ నాలుగో సన్నాహక మ్యాచ్ ఎవరిదో తెలుసా? ఆరో రౌండు, ఏడో రౌండు కుర్రాళ్లది. స్టార్లు ఎవరూ ఆడేవారు కాదు, వీళ్లే చివరిదాకా ఆడేవారు. యజమానులు ఆ మ్యాచ్ తీసేసి టిక్కెట్ బాగా అమ్ముడయ్యే ఇంకో మ్యాచ్ పెట్టుకున్నారు.

ఫలితం ఏమిటంటే, లైన్‌మన్లు సొంత డబ్బు పెట్టి నేర్చుకోవడానికి పోతున్నారు. మన తెలుగువాళ్లు వేలల్లో ఇళ్లు కొనుక్కున్న డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకే ఇలా వచ్చేవాళ్లున్నారు. డ్యూక్ మానీవెదర్ అనే శిక్షకుడి దగ్గర ఎన్‌ఎఫ్‌ఎల్ లైన్‌మన్లు అడుగులు సరిదిద్దుకుంటారు. కోట్లు గడించినవాడికి ఆ ఫీజు లెక్కలోది కాదు. ఆగస్టులో తీసేస్తారేమోనని బిక్కుబిక్కుమంటున్న కుర్రాడికో? తన ఉద్యోగికి పని నేర్పించే ఖర్చుని ఉద్యోగి జేబులోంచే లాగే యజమానిని మనం ఇంకెక్కడైనా అయితే ఏమంటాం?

డబ్బు లేదంటారా, అదీ విందాం. ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఒకప్పుడు యూరప్‌లో సొంత వసంతకాలపు లీగ్ ఉండేది. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని బ్రయన్ వాటర్స్ 2000లో బెర్లిన్ థండర్‌కి ఆడి, కాన్సాస్ సిటీలో గార్డ్‌గా స్థిరపడి, పలుమార్లు స్టార్ల మ్యాచ్ ప్రో బౌల్‌కి వెళ్లాడు. 2007లో ఆ లీగ్‌ని మూసేశారు. ఏడాదికి సుమారు 3 కోట్ల డాలర్ల నష్టమట. 32 జట్లు పంచుకుంటే తలా పది లక్షల డాలర్లు కూడా పడదు. 2021లో ఇదే లీగ్ కుదుర్చుకున్న పదకొండేళ్ల టీవీ ఒప్పందాల విలువ దాదాపు 11,000 కోట్ల డాలర్లు. కాన్సాస్ సిటీ 2021లో ఆరో రౌండులో, 226వ ఎంపికగా తీసుకున్న ట్రే స్మిత్‌ని అట్టిపెట్టుకోవడానికి 2025లో నాలుగేళ్లకి 9.4 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. తయారైన ఒక్క గార్డ్‌కి ఏడాదికి పడే సొమ్ములో సగం పారేస్తే లైన్ కోచ్‌కీ, ఇద్దరు సహాయకులకీ ఏళ్ల తరబడి జీతం ఇవ్వొచ్చు. అయినా హెడ్ కోచ్ ఉద్యోగం ఊడితే, అతనితోపాటు లైన్ కోచ్‌ని కూడా గెంటేయడం ఈ లీగ్‌లో ఆనవాయితీ.

కాబట్టి పాత్రికేయ మిత్రులారా, వచ్చే జనవరిలో ఏ జనరల్ మేనేజరైనా మైకు ముందుకొచ్చి "లైన్‌మన్లు దొరకడం లేదు" అన్నప్పుడు రాసుకుని వెళ్లిపోకండి. అయిదేళ్లలో చివరి రౌండ్లలో మీరు తీసుకున్న లైన్‌మన్లలో రెండో ఆగస్టు దాకా ఉంచుకున్నది ఎందరిని, ఈ అయిదేళ్లలో లైన్ కోచ్‌లు ఎందరు మారారు అని నిలదీయండి. జవాబు చెప్పలేకపోతే మర్నాడు పేపర్లో ఆయన కాంట్రాక్టు గురించి రాయండి, కుర్రాడి చేతుల పొడవు గురించి కాదు.