ఓఆర్ఎస్ రాయడానికి చెయ్యి ఎందుకు రావడం లేదు?

పండ్ల రసాలు, తీపి పానీయాల పేర్లలో ‘ఓఆర్ఎస్’ (విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, గ్లూకోజు నీళ్లు) అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. ముందో వెనకో మరో అక్షరం తగిలించి, అది మా ట్రేడ్‌మార్కు అన్నా కుదరదంది. దీని వెనక హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. విరేచనాలవుతున్న బిడ్డకు చక్కెర ఎక్కువున్న పానీయం పడితే పేగుల్లోకి మరింత నీరు దిగి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు ఉంటాయి. ఆ పాళ్లు తప్పితే అది మందు కాదు.

దుకాణంలో గందరగోళం తొలగించే ఆదేశం వచ్చింది. అసలైన ఓఆర్ఎస్ మాత్రం బిడ్డ నోటిదాకా చేరుతోందా? 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం విరేచనాలైన ఐదేళ్లలోపు పిల్లల్లో దాన్ని తాగింది 61 శాతం మందే. దానితో పాటు రెండు వారాలు వేయాల్సిన జింకు అందింది 31 శాతానికే. అంతకుముందు సర్వేతో పోలిస్తే ఇవి మెరుగైన అంకెలు. అయినా అర్ధ శతాబ్దం కిందట రుజువైన వైద్యానికి ఇంత తక్కువ వాడకం క్షమించరానిది.

ఆ రుజువు మన పక్కనే జరిగింది. 1971లో తూర్పు పాకిస్థాన్ నుంచి తరలివచ్చిన శరణార్థుల్లో కలరా చెలరేగినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్‌లో సెలైన్ నిల్వలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన పర్యవేక్షణలో 3.6 శాతానికి దిగాయి. ఆయనకు పద్మవిభూషణ్ దక్కింది 2023లో, అదీ మరణానంతరం.

మరి తెలిసిన మందును డాక్టర్లు ఎందుకు రాయరు? కమీషన్లు తక్కువ కాబట్టి అంటారు కొందరు, షాపులో సరుకుండదు అంటారు మరికొందరు. కర్ణాటక, బిహార్‌లలోని 253 పట్టణాల్లో 2 వేలకు పైగా ప్రైవేటు వైద్యులు, మందుల షాపులవాళ్ల దగ్గర ఈ ఊహలను పరిశోధకులు పరీక్షించి చూశారు. బిడ్డకు విరేచనాలంటూ నటులను పంపి, ఏం రాస్తారో నమోదు చేశారు. 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, ఓఆర్ఎస్ రాయకపోవడంలో సరుకు లేమి వాటా 6 శాతం, డబ్బు వాటా 5 శాతం. ‘వచ్చినవాళ్లకు ఓఆర్ఎస్ ఇష్టముండదు’ అన్న డాక్టరు నమ్మకం వాటా 42 శాతం. తమకు ఓఆర్ఎస్ కావాలని వచ్చినవాళ్లు తెలియజేసిన చోట దాన్ని ఇవ్వడం 27 శాతం పాయింట్లు పెరిగింది.

ఈ ఫలితం మన ఊళ్లకు కొత్తగా అనిపించదు. నీరసంగా ఉంటే ‘గ్లూకోజు ఎక్కించండి డాక్టరుగారూ’ అని అడిగేవాళ్లం మనమే. పొడి ప్యాకెట్ చేతిలో పెట్టి పంపితే వైద్యం చేయలేదనుకుంటారన్న జంకు డాక్టరుకు ఉంటుంది. ఇద్దరూ ఒకరి మనసు ఒకరు తప్పుగా చదువుకుంటుంటే, మధ్యలో నష్టపోయేది బిడ్డ. అలాంటప్పుడు డాక్టర్లకు ఇంకో శిక్షణ తరగతి పెట్టి ఓఆర్ఎస్ గొప్పదనం చెబితే ఏం లాభం? ఆ సంగతి వాళ్లకు తెలుసు.

అడ్డంకి ఎక్కడుందో వెతికి అక్కడే పనిచేయడం ఎలాగో బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ చేసి చూపింది. 1980 నుంచి పదేళ్లపాటు దాని మహిళా కార్యకర్తలు ఊరూరా తిరిగి, కోటీ 20 లక్షలకు పైగా ఇళ్లలో తల్లులకు మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు కలపడం నేర్పారు. నేర్పడంతో వదలలేదు. నెల తర్వాత వేరే బృందం కొన్ని ఇళ్లు ఎంచుకుని వెళ్లి, తల్లికి ఎంత గుర్తుందో అడిగి, కలిపి చూపమనేది. ఆ నీటిని ల్యాబులో పరీక్షించేవారు. కార్యకర్త జీతం తల్లి జ్ఞాపకాన్ని బట్టి ఉండేది.

అక్కడితోనూ పని కాలేదు. తల్లులు చక్కగా కలుపుతున్నారు, బిడ్డకు జబ్బు చేస్తే మాత్రం వాడటం లేదు. ఆరా తీస్తే, కార్యకర్తలకే ఆ నీటి మీద నమ్మకం లేదని, తమకు విరేచనాలైతే మాత్రలు మింగుతున్నారని తేలింది. వాళ్లను ఢాకాలోని కలరా ఆసుపత్రికి తీసుకెళ్లి, నీళ్లు తాగి కోలుకుంటున్న రోగులను కళ్లారా చూపించారు. తల్లుల ముందు ఆ నీటిని తామూ తాగమన్నారు. మగవాళ్లను పక్కన పెట్టామని గ్రహించి సంతల్లో, మసీదుల్లో వాళ్లతోనూ మాట్లాడారు. వాడకం అప్పుడు పెరిగింది.

మన దేశంలో 2014 నుంచి ఏటా విరేచనాల నియంత్రణ కార్యక్రమం నడుస్తోంది. పక్షం రోజులతో మొదలై, 2024లో రెండు నెలలైంది. పంచిన ప్యాకెట్లు, తెరిచిన ఓఆర్ఎస్-జింకు కార్నర్లు లెక్కకెక్కుతాయి. చిన్నపిల్లలున్న ఇళ్లకు పంచినందుకు ఆశా కార్యకర్తకు ప్యాకెట్‌కు రూపాయి చొప్పున ప్రోత్సాహకం. పంచడానికి రూపాయి ఉంది, తర్వాత ఆ ప్యాకెట్ ఏమైందో చూడటానికి పైసా లేదు.

వచ్చే వానాకాలానికి రెండు తెలుగు రాష్ట్రాలూ కొన్ని మండలాల్లోనైనా పద్ధతి మార్చి చూడాలి. ఆశా కార్యకర్త తల్లికి కలపడంతో పాటు ఒక్క మాట నేర్పాలి: ‘మా బిడ్డకు ఓఆర్ఎస్, జింకు రాయండి.’ డాక్టరు ముందు నోరు విప్పడం మన దగ్గర తేలిక కాదు. అందుకే ఆ మాట రాసిన చీటీనే ప్యాకెట్‌కు జత చేయాలి. క్లినిక్‌లకూ మందుల షాపులకూ, తల్లులు దీన్ని కోరుతున్నారన్న సంగతే చేరవేయాలి. నెల తర్వాత కొన్ని ఇళ్లకు వేరే బృందం వెళ్లి, తల్లి చేత కలిపించి చూడాలి, పోయినసారి విరేచనాలైనప్పుడు ఏం తాగించిందో అడగాలి. బాగా నేర్పిన ఆశాకు అదనంగా చెల్లించాలి. చాలీచాలని రాబడితో నెట్టుకొస్తున్న ఆమెకు ఇప్పుడొచ్చే రూపాయిలో మాత్రం కోత పెట్టకూడదు.