ఉందా, ఎన్ని ఉన్నాయా?

అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాల్లో ఎటు చూసినా కంప్యూటరు శిక్షణ సంస్థల బోర్డులే. అక్కడ నేర్పే ఎస్.క్యు.ఎల్. అనే భాషలోని ఒక చిన్న సంగతి మీరిప్పుడే తెలుసుకోదగ్గది.

పంజాగుట్టలోని నిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రిని ఊహించుకోండి. రోగుల వివరాలు ఒక పట్టికలో, వారి రక్తపరీక్షల ఫలితాలు మరో పట్టికలో ఉంటాయి. రెంటినీ కలిపేది రోగి నంబరు. ఇలా ఉమ్మడి విలువలతో పట్టికలను కలిపే పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించాడు. ఇప్పుడు గుమాస్తా ఒక రోగి పేరు తొలగించమని మీట నొక్కాడు. ఆ రోగికి పరీక్షా ఫలితాలేమైనా ఉన్నాయా? ఉంటే తొలగించకూడదు. తొలగిస్తే అవి ఎవరివో తెలియని అనాథ ఫలితాలవుతాయి.

చాలామంది ఇక్కడ 'కౌంట్' అనే ఆదేశంతో ఫలితాలన్నీ లెక్కపెట్టించి, జవాబు సున్నా అవునో కాదో చూస్తారు. డబ్బాలో బియ్యం ఉన్నాయో లేవో తెలియడానికి గింజలు లెక్కపెడతామా? మూత తీసి చూస్తే చాలదూ! 'ఎగ్జిస్ట్స్' అని అడిగితే యంత్రం మొదటి వరుస దొరకగానే ఆగిపోతుంది. ఒక్కటీ లేకపోతే మాత్రం చివరిదాకా వెతకాలి. పుస్తకం వెనుక ఉండే పదసూచిక లాంటి ఇండెక్సు ఉంటే ఆ శ్రమా తగ్గుతుంది.

ఇది వేగం సంగతి. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది వేరొకటి ఉంది. యంత్రం "ఉంది" అంటే పట్టికలో వరుస ఉందని మాత్రమే అర్థం. తెలంగాణలో కంప్యూటరు జవాబుల ఆధారంగా సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 'ఈ కుటుంబానికి కారు ఉందా?' అన్న ప్రశ్నకు పేర్లు, చిరునామాలు పోల్చి జవాబు వెతికారనుకోండి. ఒకే పేరున్న ఇద్దరు అక్కడ ఒక్కరైపోవచ్చు. రోగి నంబరు లాంటి కచ్చితమైన ముడి పేరుకు లేదు కదా!

తప్పుగా "ఉంది" అంటే ఒక ఇంట్లో బియ్యం ఉండవు. తప్పుగా "లేదు" అంటే కారున్న ఇంటికి నెలకు కొన్ని కిలోల బియ్యం పోతాయి. ఈ రెండు తప్పులూ సమానమని నేను ఒప్పుకోను. అందుకే "ఉంది" అన్న జవాబు వచ్చాక, కార్డు తీసేయకముందే ఒక మనిషి ఆ ఇంటికి వెళ్లి చూడాలి. అమీర్‌పేట తరగతుల్లో 'ఎగ్జిస్ట్స్' పాఠం చెప్పే రోజున దీనికీ ఓ గంట కేటాయిస్తే బాగుంటుంది.