ఏసీ మార్చే రోజు మంచం కూడా మారాలి

కార్వేటినగరం నుండి పెద్ద వైద్యానికి మనం తిరుపతికో వేలూరుకో వెళ్తాం. ఎత్తైన ఆసుపత్రి భవనాల్లో చాలాచోట్ల చల్లని నీరు పైపుల ద్వారా గదిగదికీ వస్తుంది. అక్కడి ఫ్యాన్ కాయిల్ యూనిట్ ఆ చల్లదనాన్ని గాలిలోకి పంపుతుంది. పాతబడితే యూనిట్లు, పైపులు మార్చక తప్పదు.

అందుకు సీలింగ్ విప్పితే, ఏళ్లనాటి దుమ్ముతోపాటు ఆస్పర్జిల్లస్ అనే బూజు రేణువులు లేస్తాయి. ఆరోగ్యవంతులకు సాధారణంగా ఏమీ కాదు. క్యాన్సర్ మందులు వాడేవారికి, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి మాత్రం ఊపిరితిత్తుల్లో ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. కాబట్టి పని మొదలుకాకముందే అలాంటి రోగులను వేరే వార్డుకు మార్చాలి, పనిచోటును ప్లాస్టిక్ తెరలతో పూర్తిగా మూయాలి.

"ఎన్నిసార్లు మారుస్తారమ్మా?" అని బంధువులు నర్సుల మీద విసుక్కుంటారు. మార్చినందుకు కాదు, మార్చకపోతే అడగండి.